పొగగొట్టం జర గటు జరుపమ్మా

ఎలిశిబాకు నవ్వు మొదలైతే ఆగేది కాదు. మెదక్ చర్చి క్వయర్‌లో చిన్నప్పుడే చోటు దొరికింది, ఏడాది తిరక్కుండానే పోయింది. క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేస్తుండగా హార్మోనియం వాయించే పెద్దాయనకు తుమ్మొచ్చింది. ఆ తుమ్ము అచ్చంగా తాళం పడాల్సిన చోటే పడింది. పిల్లలందరూ కిసుక్కున నవ్వి మళ్లీ పాట అందుకున్నారు. ఎలిశిబా మాత్రం ఆ పాట అయిపోయి, ఇంకో పాట కూడా అయిపోయి, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు కూడా నవ్వుతూనే ఉంది.

ఆమె తండ్రి జకరయ్య వడ్రంగి. చర్చి బల్లలు బాగుచేయడం ఆయన పని. ఆ రోజు అక్కడే ఓ మూల బల్లకాలికి మేకు కొడుతున్నవాడు సుత్తి పక్కన పెట్టి, కూతుర్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"గంత నవ్వేముంది బిడ్డా గందుల? దేవుని మందిరం గాదా?"

"నువ్వు చూడలే నాయినా," అంటూ ఆమె ఆ తుమ్మును, తుమ్మాక పెద్దాయన ఏమీ ఎరగనట్టు మీసం సర్దుకోవడాన్ని చేసి చూపించింది. జకరయ్య ముఖం గంభీరంగా పెడదామని చూశాడు. వల్ల కాలేదు. తండ్రీకూతుళ్లిద్దరూ చర్చి మెట్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు.

ఈ నవ్వు పెట్టుకుని ఎక్కడ ఉద్యోగం చేస్తుందోనని తల్లికి దిగులు. ఎలిశిబా ఇంటర్ తర్వాత టైపు హయ్యర్ పాసైంది. పాసయ్యేనాటికి టైపు మిషన్లకే పని లేకుండా పోయింది. తొంభైల్లో కొత్త ఆర్థిక విధానాలొచ్చాయి, టైపు ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద రంగు కొట్టి కంప్యూటర్ సెంటర్ అని రాసుకుంటున్నారు, తూప్రాన్ వైపు హైవే పక్కన నిన్నటి జొన్నచేలల్లో ఫ్యాక్టరీల రేకుల షెడ్లు లేస్తున్నాయి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రకాశం సార్ ఆ ఊపులోనే ఉద్యోగం మానేసి, రాందాస్ చౌరస్తాలో జిరాక్స్ షాపు పైన రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. టైపు వచ్చిన మనిషి కావాలని తెలిసి ఎలిశిబా మెట్లెక్కి వెళ్లింది.

"ఫ్యాక్టరీలు వస్తున్నయమ్మా," అన్నాడాయన, ఆమె కూర్చోకముందే. "ఫ్యాక్టరీకి పొగగొట్టముంటది. పొగ ఎంతొస్తుంది, ఎటు పోతుంది, ఎవరి మీద పడుతుంది? లెక్క చెప్పందే పర్మిషన్ రాదు. గా లెక్క మనం జేస్తం. నీకు కంప్యూటర్ వస్తదా?"

"టైపు వస్తది సార్. కంప్యూటర్ గూడ గట్లనే ఉంటదంట గద."

"అస్సలు ఉండదు," అన్నాడు ప్రకాశం సార్. "నాకూ రాదు. కూసో, ఇద్దరం నేర్చుకుందాం."

మొదటి ఏడాదంతా పని మామూలే. ఫ్యాక్టరీల నుంచి పొగగొట్టం కొలతలు వచ్చేవి. గొట్టం ఎత్తెంత, వెడల్పెంత, పొగ ఎంత వేడిగా ఎంత వేగంగా వస్తోంది, అందులో దుమ్మెంత. ఎలిశిబా అవన్నీ కంప్యూటర్‌లో ఎక్కించేది. ఆఫీసు మిద్దె మీద గాలికి తిరిగే గిన్నెల యంత్రం ఒకటి పెట్టారు. అది గంటగంటకూ గాలి వేగాన్ని, దిక్కును రాసుకునేది. వాటినీ ఎక్కించేది. అంతా అంకెలే. అంకెల్లో నవ్వొచ్చేదేమీ లేక ఆమె కొంచెం చిక్కిపోయింది కూడా.

అప్పుడు ప్రకాశం సార్ హైదరాబాద్ వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. సీడీని బస్సులో ఒళ్లోనే పెట్టుకుని, పక్క సీటాయన మోచెయ్యి తగలకుండా అట్టపెట్టె అడ్డం పెట్టి మరీ తెచ్చాడు. దానితో పాటు దిండంత లావు పుస్తకం. అదంతా చదివి, సార్ ఆమెకు చెప్పిన సారాంశం ఇదీ: ఇన్నాళ్లూ ఎక్కించిన అంకెలన్నీ దీనికి ఇస్తే, ఏడాది పొడవునా వీచిన గాలినంతా మళ్లీ కంప్యూటర్‌లో వీయించి, పొగను వదిలి, అది ఎక్కడెక్కడ నేలకు దిగుతుందో మ్యాపు మీద రంగులేసి చూపిస్తుంది. ఎక్కువ పడేచోట ఎరుపు, తక్కువైతే పసుపు, ఇంకా తక్కువైతే ఆకుపచ్చ. దాని అసలు పేరు ఓ ఆరేడు ఇంగ్లీషు అక్షరాలు. ఎలిశిబా దానికి పొగరాయుడని పేరు పెట్టింది.

పొగరాయుడికి మొదటిసారి పని చెప్పిన రోజు ఇద్దరూ పొద్దున చాయ్ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అన్నం వేళయినా అది గుర్రుమంటూనే ఉంది. చివరికి మ్యాపు వచ్చింది. తెల్లగా ఉంది. ఎరుపు లేదు, పసుపు లేదు, కనీసం ఆకుపచ్చ చుక్క కూడా లేదు.

ప్రకాశం సార్ ఛాతీ పొంగింది. "చూసినవా! మన జిల్లా గాలి ఎంత మంచిదో! పొగ మొత్తం మింగేసింది!"

ఎలిశిబా మళ్లీ మొదటి పేజీకి వెళ్లి చూసుకుంది. గొట్టం ఎత్తు ముప్పై మీటర్లని కొట్టబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టింది. "సార్, మనం మూడొందల మీటర్ల పొగగొట్టం కట్టినం. మన చర్చి మీద చర్చి, దాని మీద చర్చి పెట్టినా గంతెత్తు రాదు."

సార్ నోరు తెరిచి అలాగే ఉన్నాడు. ఆ నోరు చూసి ఆమెకు నవ్వు మొదలైంది. ఏడాదిగా దాచుకున్న నవ్వు. స్టూల్ మీంచి జారి కింద కూర్చుని నవ్వింది. కింద జిరాక్స్ షాపాయన ఏమైందోనని పైకొచ్చి, విషయం తెలియకపోయినా తనూ నవ్వాడు. సున్నా తీసేసి మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రానికి తెల్లటి మ్యాపు మీద పసుపు రెక్క ఒకటి మెల్లగా విచ్చుకుంది, మధ్యలో ఎర్రటి చుక్కతో. వానాకాలపు పడమటి గాలి ఆ రెక్కను తూర్పుకు లాగింది, చలికాలపు గాలి ఇంకో చిన్న రెక్కను పడమటికి లాగింది. కంటికి కనిపించని గాలికి ఓ ఆకారం ఉందని ఎలిశిబాకు ఆ సాయంత్రం తెలిసింది. ఇంటికి నడిచి వెళ్లిందో ఎగిరి వెళ్లిందో ఆమెకే గుర్తులేదు.

అక్కణ్నుంచి ఆమెకు ఎక్కడ చూసినా గాలే. హోటల్లో ఇడ్లీపాత్ర మూత తీస్తే ఆవిరి ఎటు వంగిందో చూసేది. రైస్‌మిల్లు దగ్గర ఊక ఎగిరితే ఆగి నిలబడేది. తల్లి పొయ్యి ముందు దగ్గుతుంటే, "గా కిటికీ మూసి, గీ కిటికీ తియ్యమ్మా," అనేది. తల్లి విసుక్కుంటూ తీసేది. పొగ బుద్ధిగా బయటికి పోయేది. "నీ ఉద్యోగం పాడుగాను, పనికొచ్చేదేనే," అనేది తల్లి.

ఒక్కటే చిక్కు. సగం లెక్క అయ్యాక కరెంటు పోతే మళ్లీ మొదటికి రావాల్సిందే. మెదక్‌లో కరెంటు పోని పూట లేదు. అందుకని సార్ బస్టాండ్ దగ్గర బ్యాటరీల షాపు నడిపే ఉదయ్ కుమార్‌ను పిలిపించాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా మీద యాసిడ్ పడిన చిల్లులతో ఉండేవాడు. ఇన్వర్టర్ బిగించి, వైర్లు సర్ది, వెళ్లబోతూ కంప్యూటర్ వంక చూశాడు.

"గిదేం బొమ్మ మేడం?"

"పొగ బొమ్మ. మీ ఇల్లెక్కడ?"

"నవాబ్‌పేట దిక్కు."

ఎలిశిబా ఆ పక్కనే ఓ పొగగొట్టం పెట్టి, మ్యాపు మీద కొన్ని చోట్లకే తొందరగా లెక్క వేయించింది. వాళ్ల వీధి ఎర్రబారింది. ఉదయ్ కుమార్ నిజంగానే కంగారుపడి, "తీసెయ్యుండ్రి మేడం, మా అమ్మకు ఆయాసం!" అన్నాడు. ఎలిశిబాకు నవ్వాగలేదు. ఉదయ్ కుమార్ ఆ నవ్వు వింటూ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

తర్వాతి వారం వచ్చాడు, బ్యాటరీలో నీళ్లు చూడాలని. ఆ పై వారం కూడా వచ్చాడు. బ్యాటరీ నీళ్లు అంత త్వరగా తగ్గవని ప్రకాశం సార్‌కు తెలుసు, కెమిస్ట్రీ చదివినవాడు కదా. కొన్నాళ్లు చూసి, ఓ రోజు ఆయనే అడిగాడు. "బాబూ ఉదయ్, ఇంక గందుల నీళ్లు బోస్తే పొంగుతది. అడిగేదేదో జకరయ్యనడుగరాదు?"

పెళ్లి చర్చిలోనే జరిగింది. పాస్టర్ ప్రశ్న సగం అడిగారో లేదో, ఉదయ్ కుమార్ ఎక్కడ ఆలస్యమవుతుందోనని, "చేసుకుంట అయ్యగారూ!" అన్నాడు గట్టిగా. ఆ మాట ఆ పెద్ద గోడల్లో రెండుసార్లు తిరిగొచ్చింది. ఎలిశిబా పెదవి కొరుక్కుంది. ముసుగు కదులుతుంటే ఏడుస్తోందనుకుని పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. ముందు బల్ల మీద కూర్చున్న జకరయ్యకు మాత్రం కూతురి సంగతి తెలుసు. మొదట నవ్వింది ఆయనే. ఆ తర్వాత పాస్టర్ కాసేపు ఆగాల్సి వచ్చింది.

వానాకాలంలో కూతురు పుడితే వర్షిత అని పేరు పెట్టుకున్నారు. కంప్యూటర్లు మారాయి, పొగరాయుడికి కొత్త సీడీలొచ్చాయి, పూటంతా పట్టే లెక్క చాయ్ తాగేలోపే అయిపోసాగింది. ఎలిశిబా చేతిలోంచి వందల మ్యాపులు వెళ్లాయి. లావు రిపోర్టుల్లో ఎక్కడో మధ్య పేజీల్లో దారంతో కుట్టుకుని వెళ్లిపోయేవి. ఎవరైనా వాటిని తిప్పి చూసేవారో లేదో ఆమెకు తెలియదు. "ఎర్రది ఎవరి మీద పడుతుందో వాళ్లకు చూపిస్తరా సార్?" అని ఓసారి అడిగింది. "చూపిస్తమమ్మా, ప్రజాభిప్రాయ సేకరణల," అన్నాడు సార్. కానీ ఆ సభలకు సార్ ఒక్కడే వెళ్లేవాడు, రెండు మాటలు చదివి వచ్చేవాడు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. రెండువేల తొమ్మిది చివరి నుంచి మెదక్‌లో ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు లేదు. ఈ రోజు ర్యాలీ, రేపు బంద్, ఎల్లుండి రోడ్డు మీదే వంటావార్పు. రాందాస్ చౌరస్తాలో పెద్ద గిన్నెలు పెట్టి పొయ్యిలు ముట్టించగానే, పొగ అంతా కూర్చున్నవాళ్ల ముఖాల మీదికి వచ్చింది. నినాదాల మధ్య దగ్గులు. ఎలిశిబా ఆఫీసు కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది. "అన్నా! గాలి పడమటి నుంచి వస్తుంది! పొయ్యిలు గటు జిరాక్స్ షాపు దాటించుండ్రి, మీరు గిటు కూసోండ్రి!" జరిపారు. పొగ పక్కనుంచి వెళ్లిపోయింది. జనం పైకి చూసి ఆమెకూ ఓ జై కొట్టారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆమె పేరు పొగ మేడం.

మెదక్‌కు, కుల్చారానికి మధ్య ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ఒకటి పెడతామని హైదరాబాద్ కంపెనీ ముందుకొచ్చింది ఆ రోజుల్లోనే. లెక్కల పని ప్రకాశం సార్ ఆఫీసుకే వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణకు తేదీ పెడితే బంద్ పడింది. మళ్లీ పెడితే రాస్తారోకో. ఇంకోసారి టెంటు వేశాక, టెంటాయనే ధర్నాకు వెళ్లిపోయాడు. చివరికి ఊరు కాస్త తెరిపిన పడ్డ ఓ రోజు చూసి, మెదక్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. ప్రకాశం సార్‌కు గొంతు పట్టేసింది. కంప్యూటర్ దగ్గర సాయంగా ఎలిశిబాను, కరెంటు దగ్గర సాయంగా ఉదయ్‌ను తీసుకెళ్లాడు.

హాల్లో ముందురోజు పెళ్లి జరిగింది. అలంకరణ ఇంకా విప్పలేదు. స్టేజీ మీద థర్మాకోల్ అక్షరాల్లో వధూవరుల పేర్లు, చుట్టూ బంతిపూలు. స్టేజీ మీదికి కుర్చీలు ఇంకా రాలేదని, సభ నడపడానికొచ్చిన అధికారి మేడంను పెళ్లికూతురి ఎర్ర మఖ్మల్ సింహాసనంలో కూర్చోబెట్టారు. పక్కనున్న పెళ్లికొడుకు సింహాసనంలో కంపెనీ ఇంజనీరు పరమేశ్ కూర్చోక తప్పలేదు. బక్కపలుచని మనిషి, ఒళ్లో ఫైలు పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. హాలంతా జనం. కుల్చారం వైపు రైతులు, మెదక్ వాళ్లు, గులాబీ కండువాలు. అందరి గొంతులూ కలిసి "జై తెలంగాణ!" అని ఓ నినాదం లేచింది. ఆ అదురుకు స్టేజీ పైనున్న బంతిపూల దండ ఒకటి తెగి, సరిగ్గా పరమేశ్ మెడలో పడింది.

ఎలిశిబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. మైకు ఆమె ముందే ఉంది. ఆమె నవ్వు నాలుగు స్పీకర్ పెట్టెల్లోంచి హాలంతా మోగింది. అంతే, జనం గొల్లుమన్నారు. అధికారి మేడం ఫైలు చాటున ముఖం దాచుకున్నారు. పరమేశ్ కూడా దండ తీసి చేతిలో పట్టుకుని, ఎవరికి వెయ్యాలో తెలియక నవ్వేశాడు. కొట్లాటకని వచ్చిన సభ అలా మొదలైంది.

ప్రకాశం సార్ బొంగురు గొంతుతో రిపోర్టు చదవబోయాడు. రెండు వాక్యాలకే గొంతు పూర్తిగా పోయింది. ఎలిశిబా వైపు చూసి, నువ్వే చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె తెర మీద మ్యాపు పెట్టింది. పసుపు రెక్క, మధ్యలో ఎర్రటి చుక్క.

రెండో వరసలోంచి కుల్చారం రైతు గాలయ్య లేచాడు. తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి. "నవ్వుడు మంచిగనే ఉంది గని బిడ్డా, గా ఎర్రగున్నది ఏంది? గది మా దిక్కే ఉన్నట్టుంది."

"గది దుమ్ము తాతా," అంది ఎలిశిబా. "ఫ్యాక్టరీ నడిస్తే పొగగొట్టం నుంచి వచ్చి కింద పడే దుమ్ము. ఎర్రగుంటే ఎక్కువ. పసుపైతే తక్కువ. ఆకుపచ్చైతే ఇంక తక్కువ. మీ పొలమెక్కడ?"

"చెరువు వెనుక."

ఆమె బాణం గుర్తును అక్కడికి జరిపింది. ఎర్ర చుక్క అంచు మీద ఆగింది. హాల్లో గుసగుసలు లేచాయి. గాలయ్య కాసేపు తెర వంక చూశాడు. తర్వాత, పక్కింటావిడను పీట జరపమన్నంత మామూలుగా, "పొగగొట్టం జర గటు జరుపమ్మా," అన్నాడు.

ఎలిశిబా చెయ్యి మౌస్ మీదే ఉంది. ఆమె సార్ వైపు చూసింది. సార్ అధికారి మేడం వైపు చూశాడు.

"జరపగలరా?" అని అడిగారు మేడం.

"జరుపొచ్చు మేడం. జరిపినంక రంగులు రానీకి జరసేపు పడుతది."

"అయితే జరపండి, చూద్దాం."

ఆమె పొగగొట్టాన్ని పట్టుకుని చెరువుకు అవతల పెట్టింది. పొగరాయుడు పని మొదలుపెట్టాడు. తెర కింద చిన్న గీత మెల్లగా నిండుతోంది. హాలంతా క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్ చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టింది. రంగు వచ్చింది. గాలయ్య పొలం ఆకుపచ్చగా మారింది. కుల్చారం వాళ్లు ఈలలేశారు. అయితే ఎర్ర చుక్క మెల్లగా మెదక్ శివార్లకు వచ్చి కూర్చుంది.

"ఓయ్! మా మీదికి తెస్తరా!" అని మెదక్ వాళ్లు లేచారు. "గిటు గాదు, ఇంకోదిక్కు జరుపుండ్రి!"

ఇక ఎవరూ ఆగలేదు. గుట్ట పక్కన పెట్టు అన్నారు ఒకరు. రోడ్డుకు ఆవల అన్నారు ఇంకొకరు. "మా బామ్మర్ది ఇంటి పక్కన పెట్టు మేడం, ఒక్కసారి చూస్తా!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే, ఆ బామ్మర్ది ముందు వరసలోనే ఉండి లేచి నిలబడ్డాడు. "ఓనర్ ఇంటి పక్కన పెట్టు!" అని ఒక గులాబీ కండువా. ఓనర్ ఇల్లు హైదరాబాద్‌లో ఉంది, మ్యాపులోకి రాదు. "మన రాష్ట్రమొచ్చినంక మ్యాపు జర పెద్దగ చేపియ్యుండ్రి!" అన్నాడతను. చప్పట్లు. అధికారి మేడం కూడా సింహాసనంలోంచి ముందుకు వంగి, "మా క్వార్టర్స్ ఎటుంది అందులో?" అని అడిగారు. క్వార్టర్స్ పసుపులో ఉన్నాయి. "అయ్యో," అన్నారు మేడం, మైకు ఆన్‌లో ఉందని మరిచిపోయి.

నడుమ కరెంటు పోయింది. హాలంతా "హో" అంది. స్టేజీ కింద బ్యాటరీల దగ్గర గొంతుక్కూర్చున్న ఉదయ్ చెయ్యెత్తి, "పరేషాన్ గాకుండ్రి!" అన్నాడు. తెర వెలుగుతూనే ఉంది. జనం ఉదయ్‌కూ ఓ జై కొట్టారు.

ఎలిశిబాకు ఒళ్లు తేలిపోతున్నట్టుంది. ఇన్నేళ్లూ రిపోర్టు మధ్య పేజీల్లో నిద్రపోయిన రంగులను ఇవాళ ఒక ఊరు ఊరంతా కళ్లతో చదువుతోంది. చదువురాని అవ్వలు కూడా "పసుపైంది, పసుపైంది" అంటున్నారు. ప్రకాశం సార్ గొంతు లేకపోయినా కుర్చీ ఎక్కి, ఎటు జరపాలో చేతులతో చూపిస్తున్నాడు.

"గొట్టం ఎత్తు పెంచితే ఏమైతది?" అని అడిగాడు గాలయ్య.

పెంచింది. ఎరుపు పోయింది. హాలు ఊగిపోయింది. "ఇంకా పెంచు!" చర్చి గోపురమంత పెంచింది. పసుపు కూడా పలచబడి తూర్పు అంచుకు జారిపోయింది. "ఇంకా! ఇంకా!" అని అందరూ ఒకటే కేకలు. పలచటి ఆకుపచ్చ పొర పొడుగ్గా సాగి మ్యాపు చివరికి చేరింది.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి ఒకావిడ ముందుకొచ్చింది. బాలనర్సమ్మ. నిజాంపేట నుంచి మెదక్ దవాఖానాకు వచ్చి, ఇక్కడేదో సందడిగా ఉందని లోపలికి తొంగిచూసిన మనిషి. చేతిలో మందుల సంచి అలాగే ఉంది.

"గా పచ్చది పోతున్న దిక్కు మా నిజాంపేట గాదా మేడం? ఎత్తు జేసి ఎత్తు జేసి మా మీదికి పంపుతుండ్రు. మేమేం జేసినం మీకు?"

పెంచు పెంచు అని అరిచినవాళ్లందరూ తలా ఓ దిక్కు చూడసాగారు. గాలయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "చెల్లె చెప్పింది నిజమే," అన్నాడు. "ఎటు జరిపినా ఎవరో ఒకరి మీద పడ్తనే ఉన్నది గద. బిడ్డా, జరుపుడు గాదు, దుమ్ము తక్కువ రానీకి ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది తాతా. పొగగొట్టంలకు పోకముందే దుమ్మును ఆపే గుడ్డసంచుల మిషన్ ఉంటది. పొగ గా సంచుల నుంచి పోతది, దుమ్ము సంచులల్లనే ఉంటది. మన ఇంట్ల చాయ్ వడబోసినట్టు."

"మరి గది పెట్టి చూపెట్టు."

ఎంత ఆపుతుందో అంకె కావాలి. ఎలిశిబా పరమేశ్ వైపు చూసింది. పరమేశ్ ఒక్క క్షణం ఆలోచించాడు. దండ పక్కన పెట్టి, ఫైలు తీసి, అంకె చదివాడు. ఆమె ఎక్కించింది. గొట్టాన్ని మొదటి ఎత్తుకే తెచ్చింది, మొదటి చోటుకే తెచ్చింది. చిన్న గీత నిండింది.

చెరువు వెనక ఆకుపచ్చ. మెదక్ ఆకుపచ్చ. గొట్టం పక్కనే పిడికిలంత పసుపు. నిజాంపేట దిక్కు ఏ రంగూ లేదు.

ఆ అరుపులు రాందాస్ చౌరస్తా దాకా వినిపించాయంటారు. ఎలిశిబా నవ్విందో ఏడ్చిందో, రెండూ ఒకేసారి చేసింది. బాలనర్సమ్మ స్టేజీ మీదికొచ్చి, తెర మీద తన ఊరు ఉండాల్సిన చోటును వేలితో ముట్టుకుని చూసి వెళ్లింది. "సంచుల మిషన్ పెడితేనే ఫ్యాక్టరీ!" అని గాలయ్య అందుకుంటే, హాలంతా అదే పాట. మేడం అదే రాయించారు.

మరునాడు ఆఫీసులో సంబరం దిగిపోయి భయం పట్టుకుంది. "కంపెనీ మనకు పని ఇచ్చింది మ్యాపు చూపియ్యనీకి, ఆడుకోనీకి గాదు సార్," అంది ఎలిశిబా. సార్ కషాయం తాగుతూ, పర్వాలేదన్నట్టు తలూపాడు గానీ ఆయన ముఖమూ పాలిపోయే ఉంది. వారం తర్వాత పరమేశ్ ఫోన్ చేశాడు. ఎలిశిబా రిసీవర్ ఎత్తి కళ్లు మూసుకుంది.

"మేడం, మా పెద్దసార్లు తిట్టిండ్రు. మస్తు తిట్టిండ్రు," అన్నాడతను. "తిట్టినంక, సంచుల మిషన్‌తోని, సగం సైజు ఫ్యాక్టరీకి లెక్క చేసి తెమ్మన్నరు. జర తొందరగ చెయ్యరాదుండ్రి."

ఆమె రిసీవర్ పెట్టేసి, గది మధ్యలో ఒక్క చుట్టు తిరిగింది. సార్ కషాయం గ్లాసు ఎత్తి పట్టుకున్నాడు.

ఉద్యమం వల్ల, అప్పుల వల్ల, ఆ ఫ్యాక్టరీ లేవడానికి చాలా కాలం పట్టింది. లేచాక కూడా అంతా సాఫీగా ఏమీ లేదు. ఓ వేసవిలో సంచులు చిరిగి, దుమ్ము బయటికొచ్చింది. పొగగొట్టంలో దుమ్మును కొలిచే యంత్రం పంపే అంకెలు ఇప్పుడు నేరుగా పొగరాయుడికే వస్తాయి కాబట్టి ఎలిశిబాకు ఆ పూటే తెలిసింది. పరమేశ్‌కు ఫోన్ చేసి, కొత్త సంచులు వేసేదాకా వదల్లేదు. ఆమె ఫోన్ చేసేసరికే గాలయ్య ఫ్యాక్టరీ గేటు ముందు మంచం వేసుకుని కూర్చున్నాడని ఆ తర్వాత తెలిసింది. ఆయనకు పొగరాయుడు అక్కర్లేదు, తెల్లపంచె మీద పడ్డ దుమ్ము చాలు.

ప్రకాశం సార్ ఆఫీసును ఎలిశిబా చేతిలో పెట్టి ఇంటిపట్టున ఉండిపోయాడు. ఉన్నాడన్నమాటే గానీ, చాయ్ వేళకు రోజూ మెట్లెక్కి వచ్చేవాడు.

రెండువేల పద్నాలుగు జూన్ రెండు పొద్దున ఆయన వచ్చేసరికి ఎలిశిబా తెర ముందు నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. మిద్దె మీద గాలిలో దుమ్మును గంటగంటకూ కొలిచే కొత్త యంత్రం ఉంది. దాని గీత ఎప్పుడూ చిన్న చిన్న గుట్టల్లా ఉండేది. ఆ పొద్దున మాత్రం నిట్టనిలువుగా లేచి, తెర పై అంచుకు తగిలి, అక్కడే ఆగిపోయింది. తెలంగాణ వచ్చిందని ఊరంతా కాల్చిన పటాకుల పొగ అది. కొత్త పొగరాయుడికి ఒక పట్టుదల ఉంది. అంకె ఇంత ఎక్కువ వస్తే కారణం చెప్పేదాకా ముందుకు పోనివ్వడు. దుమ్ముతుఫానా, యంత్రం చెడిందా, పక్కన మంటలు లేచాయా అని అడుగుతున్నాడు.

"ఏం రాద్దాం సార్?"

"ఉన్నదే రాయి," అన్నాడు సార్.

ఆమె ఇతర కారణాలు అన్న గడిలో, ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలుగు కొట్టని చోట, తెలుగులోనే కొట్టింది: తెలంగాణ వచ్చింది. పొగరాయుడు ఒక్క క్షణం ఆగి, సరేనని ముందుకు కదిలాడు. సార్‌కు నవ్వు తన్నుకొచ్చింది. ఈసారి స్టూల్ మీంచి జారింది ఆయన.

కింద చౌరస్తాలో డప్పులు మొదలయ్యాయి. గులాబీ రంగు గులాల్ బస్తాలకు బస్తాలు గాల్లోకి లేస్తోంది. వర్షిత ముఖం కనిపించనంత రంగు పూసుకుని గంతులేస్తోంది. పక్కన ఉదయ్, చొక్కా చిల్లుల్లోంచి కూడా గులాబీ రంగే.

"ఏం చేస్తున్నవ్ పైన?" అని అరిచాడు. "దిగి రా!"

"దుమ్ము పెరుగుతుంది మళ్ల!" అని ఆమె పైనుంచి అరిచింది. "గాలి మా దిక్కే ఉంది!"

"అయితే నువ్వే మా దిక్కు రా!"

ఎలిశిబా తెర వంక ఒక్కసారి చూసింది. గీత మళ్లీ పైకి లేస్తోంది. దాన్ని దాని మానాన వదిలేసి, సార్‌ను చెయ్యి పట్టుకుని లేపి, ఇద్దరూ మెట్లు దిగి గులాల్‌లోకి వెళ్లిపోయారు.